ఒకే మ్యాచ్‌పై ఉమ్మడి పందెం: ఏఎఫ్ఎల్ సేమ్ గేమ్ మల్టీ లెక్కను అర్థం చేసుకునే విధానం

ఆస్ట్రేలియాలో ఒక ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌కు ముందు ఎవరైనా బెట్టింగ్ యాప్ తెరిచి, గెలిచే జట్టు ఒకటి, ఆ జట్టులో కనీసం మూడు గోల్స్ కొట్టే ఫార్వర్డ్ ఒకరు, ఇరవై అయిదు డిస్పోజల్స్ (బంతిని తన్ని గాని, చేత్తో గుద్ది గాని పంపడం) చేరుకునే మిడ్‌ఫీల్డర్ ఒకరు అని మూడు అంశాలు ఎంచుకున్నారనుకుందాం. మూడింటికీ విడివిడిగా ఉన్న ధరలు, అంటే గెలిస్తే డాలరుకు చేతికి వచ్చే మొత్తాలు, 1.58, 2.35, 1.88. వీటిని గుణిస్తే దాదాపు 6.98 రావాలి. కాని ఉమ్మడి పందెం కింద తెరపై కనిపించే ధర 5.00 మాత్రమే. చాలామంది ఈ తేడాను చూసి తమను మోసం చేశారని అనుకుంటారు, మరికొందరు అసలు గమనించరు. ఈ రెండు స్పందనలూ సరైనవి కావు. ఆ తేడాలో ఎంత భాగం న్యాయమైనదో, ఎంత భాగం బుక్‌మేకర్ (పందేలు తీసుకునే సంస్థ) జేబులోకి పోతుందో చేతిలెక్కతో విడదీసి చూడటం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇది పందెం కాయమని చెప్పే వ్యాసం కాదు. మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్ నగరాల్లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ ఉన్న తెలుగువారికి మ్యాచ్ ప్రసారాల మధ్యలో, సహోద్యోగుల కబుర్లలో "మల్టీ" అనే మాట తరచూ వినిపిస్తుంది కాబట్టి, ఆ మాట వెనుక ఉన్న గణితం తెలిసి ఉండటం అవసరమని నా అభిప్రాయం.

మొదటి మెట్టు: ఆటలో పాయింట్లు వచ్చే తీరు

క్రికెట్ మైదానం అంతటి కోడిగుడ్డు ఆకారపు మైదానంలో జట్టుకు పద్దెనిమిది మంది చొప్పున ఈ ఆట ఆడతారు. ఒక్కొక్కటి ఇరవై నిమిషాల నాలుగు క్వార్టర్లు ఉంటాయి, ఆట ఆగిన సమయాన్ని కలుపుతారు కాబట్టి ఒక్కో క్వార్టర్ అరగంట వరకు సాగుతుంది. ప్రతి చివర నాలుగు స్తంభాలు ఉంటాయి. మధ్యనున్న రెండు ఎత్తైన స్తంభాల నడుమగా బంతిని కాలితో పంపితే గోల్, దానికి 6 పాయింట్లు. గోల్ స్తంభానికీ పక్కనున్న చిన్న స్తంభానికీ మధ్య నుంచి పోతే బిహైండ్, దానికి 1 పాయింటు. స్కోరును గోల్స్, బిహైండ్స్, మొత్తం అనే వరుసలో రాస్తారు.

2023 గ్రాండ్ ఫైనల్ దీనికి చక్కని ఉదాహరణ. ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) జరిగిన ఆ మ్యాచ్‌లో కాలింగ్‌వుడ్ 12 గోల్స్, 18 బిహైండ్స్‌తో 90 పాయింట్లు చేసింది. బ్రిస్బేన్ లయన్స్ 13 గోల్స్, 8 బిహైండ్స్‌తో 86 దగ్గర ఆగిపోయింది. అంటే ఒక గోల్ ఎక్కువ కొట్టిన జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఏ ఆటగాడు ఎన్ని గోల్స్ కొడతాడనే పందేలనూ, ఏ జట్టు గెలుస్తుందనే పందేన్నీ కలిపి ఆలోచించేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు. ఆ రెండింటికీ చుట్టరికం ఉంది, కాని అవి ఒకటి కావు.

డిస్పోజల్ అనే మాటకు తెలుగులో సరైన సమానపదం లేదు. బంతిని కాలితో తన్నడం కిక్, అరచేతిలో పట్టుకుని పిడికిలితో గుద్ది పంపడం హ్యాండ్‌బాల్, ఈ రెండింటి మొత్తమే ఆ ఆటగాడి డిస్పోజల్స్. కనీసం పదిహేను మీటర్లు ప్రయాణించిన కిక్‌ను నేల తాకకుండా పట్టుకుంటే అది మార్క్. ఈ గణాంకాలను లీగ్ కోసం అధికారికంగా నమోదు చేసే సంస్థ ఛాంపియన్ డేటా. పందేలు తేలేది సాధారణంగా అధికారిక లెక్క ప్రకారమే, ప్రేక్షకుడి కంటికి కనిపించినదాని ప్రకారం కాదు.

రెండో మెట్టు: పందెం స్లిప్‌పై ఉన్న మాటలను చదవడం

ఉమ్మడి పందెంలోని ఒక్కో అంశాన్ని లెగ్ అంటారు. అన్ని లెగ్‌లూ నిజమైతేనే డబ్బు వస్తుంది, ఒక్కటి తప్పినా పందెం మొత్తం పోతుంది. వేర్వేరు మ్యాచ్‌ల నుంచి లెగ్‌లు తీసుకుంటే అది మామూలు మల్టీ, అన్నీ ఒకే మ్యాచ్ నుంచి తీసుకుంటే సేమ్ గేమ్ మల్టీ. ఒకదానిపై ఒకటి ఆధారపడిన ఫలితాలను కలిపి పందెం కాయడాన్ని బుక్‌మేకర్లు ఒకప్పుడు అనుమతించేవారు కాదు. వాటి మధ్య సంబంధాన్ని లెక్కగట్టే సాధనాలు చేతికి వచ్చాకే ఆ తలుపు తెరిచారు.

సాధారణంగా కనిపించే లెగ్‌లలో గెలుపు ఒకటి. లైన్ అంటే ఒక జట్టుకు ముందే కొన్ని పాయింట్లు తగ్గించడం లేదా కలపడం. మైనస్ 15.5 అని ఉంటే ఆ జట్టు 16 లేదా అంతకన్నా ఎక్కువ పాయింట్ల తేడాతో గెలవాలి. అర పాయింటు పెట్టేది సమానమయ్యే అవకాశం లేకుండా చేయడానికే. 2023 ఫైనల్‌లో కాలింగ్‌వుడ్‌పై మైనస్ 5.5 లైన్ ఎంచుకున్నవారికి కప్పు దక్కిన జట్టే దొరికినా పందెం మాత్రం పోయేది. ఇవి కాక గెలుపు తేడా 1 నుంచి 39 లోపా, 40 లేదా ఆపైనా అనే లెగ్, రెండు జట్ల మొత్తం పాయింట్లు ఫలానా సంఖ్యకు పైనా కిందా అనే లెగ్, ఒక ఆటగాడు కనీసం ఒకటి, రెండు లేదా మూడు గోల్స్ కొట్టడం, 20, 25 లేదా 30 డిస్పోజల్స్ చేరుకోవడం వంటివి ఉంటాయి.

మూడో మెట్టు: ధరను శాతంగా మార్చడం

ఆస్ట్రేలియాలో ధరలను దశాంశాల్లో చూపుతారు. ఆ సంఖ్యలో మనం పెట్టిన సొమ్ము కూడా కలిసి ఉంటుంది. 10 డాలర్లు 1.90 ధరకు పెట్టి గెలిస్తే చేతికి వచ్చేది 19 డాలర్లు, లాభం 9 మాత్రమే. 100ను ధరతో భాగిస్తే ఆ ధరలో దాగిన శాతం బయటపడుతుంది. 1.90కి అది 52.6 శాతం. ఒక లైన్‌కు రెండు వైపులా 1.90 చొప్పున ఇస్తే రెండు శాతాల మొత్తం 105కు కొంచెం పైన వస్తుంది. నిజానికి ఏ ఫలితాల జాబితాకైనా మొత్తం 100 దాటకూడదు కదా. అదనంగా ఉన్న ఆ అయిదు చిల్లరే బుక్‌మేకర్ మార్జిన్. ఇక్కడ రెండు వైపులా ధర కనిపిస్తుంది కాబట్టి మార్జిన్‌ను ఎవరైనా కూడి చూసుకోవచ్చు. సేమ్ గేమ్ మల్టీకి మరో వైపు అనేదే ఉండదు. "ఈ మూడూ కలిసి జరగవు" అనే పందేనికి ధర ఎక్కడా చూపరు. అందుకే ఆ మార్జిన్ కంటికి కనబడదు, మనమే లెక్కించుకోవాలి.

నాలుగో మెట్టు: లెగ్‌ల మధ్య చుట్టరికం

ఈ వ్యాసానికి ప్రాణం ఈ మెట్టు కాబట్టి ఇక్కడ కొంత నిదానంగా నడుద్దాం. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే మొదటి ఫలితానికీ రెండోదానికీ సంబంధం ఉండదు, అందుకే సంభావ్యతలను గుణించవచ్చు. ఒకే మ్యాచ్‌లోని సంఘటనలు అలా కావు. జట్టు గెలుస్తున్నదంటే బంతి ఎక్కువగా దాని ఫార్వర్డ్‌ల వైపు వెళ్తున్నదని అర్థం, అంటే ఆ ఫార్వర్డ్‌కు గోల్స్ వచ్చే అవకాశమూ పెరిగిందని అర్థం.

దీన్ని సంఖ్యల్లో చూద్దాం. ఈ సంఖ్యలు వివరణ కోసం నేను కల్పించినవి. ఒకే మ్యాచ్‌ను వెయ్యిసార్లు ఆడించగలిగామని ఊహించండి. మన జట్టు 600 సార్లు గెలిచింది. మన ఫార్వర్డ్ 400 సార్లు మూడు లేదా అంతకు మించి గోల్స్ కొట్టాడు. రెండింటికీ సంబంధం లేకపోతే రెండూ కలిసి జరిగేవి 600లో 40 శాతం, అంటే 240 సార్లు. కాని అతని 400 మంచి ఆటలను విడగొట్టి చూస్తే, 300 జట్టు గెలిచిన రోజుల్లోనే వచ్చాయి, ఓడిన రోజుల్లో 100 మాత్రమే. కాబట్టి రెండూ కలిసి జరిగినవి 240 కావు, 300. ఇప్పుడు మిడ్‌ఫీల్డర్‌ను చేర్చుదాం. వెయ్యిలో 500 సార్లు అతను 25 డిస్పోజల్స్ చేరుకుంటాడు. ఈ 300 ఆటల్లో మాత్రం జట్టు బంతిని ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకున్నది కాబట్టి 165 సార్లు చేరుకున్నాడు. మూడు లెగ్‌లూ కలిసి నిజమయ్యేది వెయ్యిలో 165 సార్లు, అంటే 16.5 శాతం. 100ను 16.5తో భాగిస్తే న్యాయమైన ధర 6.06 వస్తుంది.

ఇప్పుడు మొదట చెప్పిన సంఖ్యలను మళ్లీ చూడండి. విడి ధరల గుణకారం 6.98. బుక్‌మేకర్ ఆ ధర ఇస్తే నష్టపోయేది అతనే, ఎందుకంటే 100 డాలర్ల పందేనికి సగటున 115 తిరిగి చెల్లించవలసి వస్తుంది. కాబట్టి 6.98 నుంచి 6.06 వరకు తగ్గించడం న్యాయమే, అది చుట్టరికానికి కట్టిన విలువ. 6.06 నుంచి 5.00కు తగ్గించినది మాత్రం మార్జిన్. ఈ ధరకు 100 డాలర్లు పెట్టినవారికి సగటున తిరిగి వచ్చేది 82 డాలర్ల 50 సెంట్లు. అదే మూడు లెగ్‌లను విడివిడిగా కాసి ఉంటే ఒక్కోదానిపై సగటు నష్టం నూటికి అయిదు, ఆరు డాలర్లే. పదిహేడున్నర ఎక్కడ, ఆరు ఎక్కడ!

చుట్టరికం ఎప్పుడూ ఒకే దిశలో ఉండదు. మొత్తం పాయింట్లు తక్కువగా ఉంటాయన్న లెగ్‌కు తోడుగా ఒక ఫార్వర్డ్ నాలుగు గోల్స్ కొడతాడన్న లెగ్‌ను కలిపితే అవి ఒకదానికొకటి ఎదురు నడిచేవి. అప్పుడు ఉమ్మడి ధర విడి ధరల గుణకారం కన్నా పెద్దదిగా కనిపించవచ్చు. దాన్ని చూసి బుక్‌మేకర్ ఉదారంగా ఇస్తున్నాడని మురిసిపోయేవారు ఉన్నారు. ఆ రెండూ కలిసి జరగడం అంత అరుదు కాబట్టే ధర పెరిగింది. కొన్ని చోట్ల చుట్టరికం దిశ చెప్పడమే కష్టం. వెనుకబడిన జట్టు తన రక్షణ భాగంలోనే బంతిని అటూ ఇటూ తిప్పుకుంటూ దారి వెతుకుతున్నప్పుడు ఆ జట్టు హాఫ్ బ్యాక్ ఆటగాళ్ల డిస్పోజల్స్ పెరగవచ్చు. ప్రత్యర్థి ఒక ట్యాగర్‌ను, అంటే నీడలా వెంటాడే ఆటగాడిని కేటాయిస్తే ఎంత గొప్ప మిడ్‌ఫీల్డర్ లెక్క అయినా పడిపోవచ్చు, అతని పక్కవాడి లెక్క పెరగవచ్చు. వాన పడితే తడి బంతిని పట్టుకోవడం కష్టమై మార్క్‌లు, మొత్తం పాయింట్లు రెండూ తగ్గుతాయి. మెల్‌బోర్న్ డాక్‌లాండ్స్‌లోని మార్వెల్ స్టేడియానికి మూసుకునే పైకప్పు ఉంది, ఎంసీజీకి ఆ ఏర్పాటు లేదు. ఒకే నగరంలో, ఒకే సాయంత్రం ఆడే రెండు మ్యాచ్‌లకు వాన ప్రభావం ఒకటిగా ఉండదన్నమాట.

కొన్ని లెగ్‌లకు చుట్టరికం కాదు, ఒకే శరీరం ఉంటుంది. జట్టు మైనస్ 15.5 లైన్ దాటిందంటే గెలిచినట్టే, కాబట్టి దానికి గెలుపు లెగ్‌ను జోడించడం వల్ల కొత్తగా వచ్చేది ఏమీ లేదు. అదే ఆటగాడికి 20 డిస్పోజల్స్, 25 డిస్పోజల్స్ రెండూ ఎంచుకోవడమూ అంతే. మంచి యాప్ ఇలాంటి జంటలను అడ్డుకుంటుంది.

అయిదో మెట్టు: సొంత అంచనా వేసుకోవడం

బుక్‌మేకర్లు సాధారణంగా మ్యాచ్‌ను కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి, ఎంచుకున్న లెగ్‌లన్నీ ఎన్నిసార్లు కలిసి నిజమయ్యాయో లెక్కిస్తారు. అందుకే ఒకే స్లిప్‌కు ఇద్దరు బుక్‌మేకర్ల ధరలు వేరుగా ఉంటాయి. మన దగ్గర అంత యంత్రాంగం లేకపోయినా, పై ఉదాహరణలోని పద్ధతిని కాగితంపై చేయవచ్చు. మొదటి లెగ్ ఎంత శాతమో అనుకోవాలి. అది నిజమైందనుకుని, ఆ షరతు మీద రెండోది ఎంత శాతమో అంచనా వేయాలి. ఆ రెండూ నిజమైన ఆటల్లో మూడోది ఎంతో చూడాలి. ఇలా వచ్చిన మూడు శాతాలను గుణించాలి. విడి శాతాలను కాదు, షరతుతో కూడిన శాతాలను గుణించడమే ఇందులోని కీలకం.

ఆటగాడి పాత గణాంకాలను వాడేటప్పుడు సగటును నమ్ముకోవడం పొరపాటు. సగటు 26 డిస్పోజల్స్ ఉన్న ఆటగాడు ప్రతి మ్యాచ్‌లో 25 దాటతాడని కాదు. ఎన్ని మ్యాచ్‌ల్లో 25 చేరుకున్నాడో లెక్కపెట్టాలి, అందులోనూ జట్టు గెలిచిన మ్యాచ్‌లను, ఓడినవాటిని వేరుగా లెక్కపెట్టాలి. అలా విడగొట్టాక చేతిలో మిగిలే మ్యాచ్‌లు పదో పన్నెండో ఉంటాయి, వాటి మీద కట్టిన అంచనా గట్టిదేమీ కాదు. మరీ వెనక్కు వెళ్లినా చిక్కే. కొవిడ్ కారణంగా 2020 సీజన్‌లో క్వార్టర్లను 16 నిమిషాలకు కుదించారు, కాబట్టి ఆ ఏడాది సంఖ్యలను మిగతా ఏళ్ల పక్కన పెట్టి పోల్చకూడదు.

ఈ శ్రమంతా చేశాక చాలాసార్లు తేలేది ఒక్కటే, మన అంచనాలో ఉన్న అనిశ్చితి కన్నా బుక్‌మేకర్ మార్జిన్ పెద్దదిగా ఉండదు, కాని అది ఎప్పుడూ అతనివైపే ఉంటుంది. మన తప్పులు మాత్రం రెండు వైపులా పోతాయి.

ఆరో మెట్టు: లెగ్‌లు పెరిగేకొద్దీ ఏం జరుగుతుంది

ఒక్కో లెగ్‌కు నిజమైన అవకాశం సగానికి సగం, ధర 1.90 అనుకుందాం. చుట్టరికాన్ని కాసేపు పక్కన పెడదాం. ఒక లెగ్‌కు 100 డాలర్లపై సగటున తిరిగి వచ్చేది 95. మూడు లెగ్‌లకు 85 డాలర్ల 70 సెంట్లు, నాలుగింటికి దాదాపు 81 డాలర్ల 50 సెంట్లు. చక్రవడ్డీ తిరగబడి మన మీదే పనిచేసినట్టు ప్రతి లెగ్ తన వంతు కోసుకుంటూ పోతుంది.

ఇంకొక లెక్క దీనికన్నా ఆసక్తికరమైనది. అలాంటి అయిదు లెగ్‌లు తీసుకుంటే అయిదూ నిజమయ్యే అవకాశం 32లో ఒకటి. సరిగ్గా నాలుగు నిజమై ఒక్కటే తప్పే అవకాశం 32లో అయిదు. అంటే గెలిచే ప్రతిసారికీ "ఒక్క లెగ్‌తో పోయింది" అనిపించే సందర్భాలు అయిదు రెట్లు. వెంట్రుకవాసిలో తప్పిపోయిందనే ఆ భావన ఆటగాళ్ల దురదృష్టం వల్ల వచ్చేది కాదు, పందెం నిర్మాణంలోనే ఉన్నది. పిలిచి పీట వేసినట్టు "ఒక లెగ్ తప్పితే మీ సొమ్ము బోనస్ బెట్‌గా వాపసు" అనే ప్రకటనలు ఇక్కడే పుడతాయి. బోనస్ బెట్ నగదు కాదు. గెలిచినప్పుడు లాభం మాత్రమే ఇస్తారు, పెట్టిన మొత్తం తిరిగి రాదు. 50 డాలర్ల బోనస్ బెట్‌ను మన ఉదాహరణలోని 5.00 ధరకు పెట్టి గెలిస్తే 250 కాదు, 200 వస్తాయి. గెలిచే అవకాశం 16.5 శాతం కాబట్టి ఆ 50 డాలర్ల అసలు విలువ 33 డాలర్లు.

ఏడో మెట్టు: నిబంధనల పేజీ

ధర ఎంత జాగ్రత్తగా చూసినా పందెం తేలేది నిబంధనల ప్రకారమే. ఎంచుకున్న ఆటగాడు ఆఖరి క్షణంలో జట్టు నుంచి తప్పుకుంటే చాలామంది బుక్‌మేకర్లు ఆ లెగ్‌ను రద్దుచేసి, మిగిలిన లెగ్‌లకు కొత్త ధర కడతారు, కొందరు పందెం మొత్తాన్ని రద్దుచేసి సొమ్ము తిరిగి ఇస్తారు. మైదానంలో అడుగుపెట్టి అయిదు నిమిషాలకే గాయపడి బయటికి వెళ్తే మాత్రం ఆ లెగ్ సజీవంగానే ఉంటుంది, ఆచరణలో పోయినట్టే. 2021లో గాయపడినవారి కోసం ప్రత్యామ్నాయ ఆటగాడి నిబంధన వచ్చింది, 2023లో దాన్ని వ్యూహాత్మకంగానూ వాడుకోనిచ్చారు, 2026 సీజన్ నుంచి తీసేశారు. అది ఉన్న రోజుల్లో అలా బెంచీ నుంచి చివరి క్వార్టర్‌లో వచ్చిన ఆటగాడి లెగ్‌ను ఎలా లెక్కిస్తారనేది బుక్‌మేకర్‌ను బట్టి మారేది.

మ్యాచ్ టై అయితే ఏమిటన్నది ఇంకో ప్రశ్న. ఈ ఆటలో అది అరుదు, కాని 2010 గ్రాండ్ ఫైనల్‌లోనే కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా 68 పాయింట్ల వద్ద సమానంగా నిలిచాయి. మరుసటి వారం మళ్లీ ఆడి కాలింగ్‌వుడ్ 56 పాయింట్ల తేడాతో గెలిచింది. 2016 నుంచి గ్రాండ్ ఫైనల్‌లో టైకు అదనపు సమయం ఉంది. అదనపు సమయంలో కొట్టిన గోల్స్, చేసిన డిస్పోజల్స్ లెగ్‌లకు వర్తిస్తాయా లేదా అన్నది నిబంధనల్లో చదవాలి.

మ్యాచ్ మధ్యలో కనిపించే క్యాష్ అవుట్ బటన్‌ను (పందెం తేలకముందే కొంత సొమ్ము తీసుకుని బయటపడే వీలు) కూడా ధరగానే చూడాలి. నాలుగు లెగ్‌లు నిజమై, చివరిదానికి సగం అవకాశం మిగిలి, వచ్చేది 100 డాలర్లయితే దాని న్యాయమైన విలువ 50. తెరపై 44 చూపితే తక్కిన ఆరు రెండోసారి కోసిన మార్జిన్.

చట్టం గురించి తెలుసుకోవలసినవి

ఆస్ట్రేలియాలో పందెం కాయడానికి వయసు 18 నిండాలి. 2001 నాటి ఇంటరాక్టివ్ గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం మ్యాచ్ మొదలయ్యాక ఆన్‌లైన్‌లో కొత్త పందెం తీసుకోకూడదు, ఫోన్ చేసి మాట్లాడి గాని, స్వయంగా వెళ్లి గాని కాస్తేనే అనుమతి. మ్యాచ్ నడుస్తుండగా యాప్‌లోనే కొత్త పందెం తీసుకుంటున్న వెబ్‌సైటు కనిపిస్తే అది ఆ దేశపు లైసెన్సు ఉన్నది కాదని అర్థం చేసుకోవచ్చు. 2024 జూన్ 11 నుంచి ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డు వాడటం నిషిద్ధం. 2023 ఆగస్టులో మొదలైన బెట్‌స్టాప్ అనే జాతీయ నమోదులో పేరు చేర్చుకుంటే లైసెన్సు ఉన్న ఆన్‌లైన్, ఫోన్ బుక్‌మేకర్లందరూ కనీసం మూడు నెలల నుంచి జీవితకాలం వరకు ఆ వ్యక్తి ఖాతాలు మూసివేయాలి. 1800 858 858 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, పేరు చెప్పనవసరం లేకుండా సలహా దొరుకుతుంది.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది, వాటి ప్రకటనలను, వాటికి బ్యాంకుల ద్వారా జరిగే చెల్లింపులను కూడా. మెల్‌బోర్న్‌లో చట్టబద్ధంగా తెరిచిన ఖాతా అయినా, సెలవులకు విజయవాడకో వరంగల్‌కో వచ్చి దాన్ని తెరిస్తే ఇక్కడ వర్తించేది ఇక్కడి చట్టమే.